ఆనవాలు

బెర్గెన్‌లో వాన. దాని గురించి అక్కడెవరూ మాట్లాడరు.
దీవుల మధ్య తిరిగే ఫెర్రీ మీద
ముప్పై ఒక్క ఏళ్లు టికెట్లు కొట్టినవాడు గున్వాల్ద్.
టోపీ కింద సగం ముఖం కనబడితే చాలు,
ఎవరి కొడుకో, ఏ రేవులో దిగుతాడో,
నిన్న బాకీ పెట్టింది వీడో, వీడి కవల తమ్ముడో
చెప్పేసేవాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
ఓ ఆడమనిషిని టికెట్ అడిగాడు.
ఆమె నవ్వింది. మళ్ళీ అడిగాడు.
పొడిగా దగ్గింది.
ఆ దగ్గుతో తెలిసింది,
పొద్దున తనకు కాఫీ పోసిన ఓషిల్డ్ అని.

కుడి కణత వెనక, కోడిగుడ్డంత.
తీయగలిగినంత తీశారు.
తీసినదాంట్లో గోరంత ముక్క
మంచు డబ్బాలో వీధి దాటి
ఎల్‌డ్రిద్ బల్ల మీదికి వచ్చింది.

ఆమె దాన్ని తరిగి, వడకట్టి,
గులాబీ రంగు నీళ్ళలో వదిలింది.
చావాల్సినవి చచ్చాయి.
తొమ్మిదో రోజున కొన్ని
ఒకదాన్నొకటి వాటేసుకుని గుండ్రంగా తేలాయి,
ఉడికిన సగ్గుబియ్యంలా.
అవే.
కత్తి వచ్చి వెళ్ళినా, కిరణం వచ్చి వెళ్ళినా
ఓ మూల ఊపిరి బిగబట్టి కూర్చుని
మళ్ళీ మొదటికి తెచ్చేవి.

మూలకణాలు అనకూడదంటుంది ఎల్‌డ్రిద్.
మూలకణాల లాంటివి.
ఆ 'లాంటివి' దగ్గర ఆమె గొంతు కాస్త గట్టిపడుతుంది.
ఇంటిదొంగ సంగతి సామెతకు తెలుసు.
ఈ దొంగ ఇంటివాడి పసిముఖం తొడుక్కుని వస్తాడని
సామెతకు తెలియదు.

ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారు.
లోపల ఏం వండుతున్నదీ రాసి
ప్రతి కణం గుమ్మానికి చీటీ కట్టుకోవాలి.
కొందరు చీటీ చదివి పట్టుకునేవాళ్ళు.
ఇవి చీటీలు తగ్గించేశాయి,
చదివేవాళ్ళు తలుపు తట్టకుండానే వెళ్ళిపోయారు.
ఇంకో రకం ఉన్నారు, మొరటువాళ్ళు,
చీటీ లేని గుమ్మం దగ్గరే అనుమానంగా ఆగేవాళ్ళు.
గున్వాల్ద్ రక్తంలోంచే వాళ్ళను వెలికితీసి
నాలుగు రోజులు మేపి
ఒక గురువారం రాత్రి ఆ సగ్గుబియ్యం మీద వదిలింది.

పదకొండున్నరకి ఒకటి ఆగింది.
తడిమింది. బేరం తెగనివాడిలా
ముందుకీ వెనక్కీ ఊగింది.
ఆపదలో ఉన్న కణం ఒంటిమీద మొలిచే గుర్తులుంటాయి,
అలాంటిదేదో చేతికి తగిలింది కాబోలు,
ఒరుసుకుని కూర్చుండిపోయింది.
కాసేపటికి గుండ్రటి అంచు చిరిగింది.
ఎల్‌డ్రిద్ ఎగిరి గంతెయ్యలేదు.
గోధుమరంగు చీజ్ రాసిన రొట్టె తినడం మరిచిపోయింది, అంతే.

గిన్నెలో పట్టారు.
తలలో పట్టలేదు.
తలలోంచి కోసిన పలచటి పొరలో
అదే కాపలావాళ్ళు, పిడికెడు మంది,
కణితి అంచున ఆవులిస్తున్నట్టు నిలబడి ఉన్నారు.
కణితి వాళ్ళ మీద ఏదో నిద్ర చల్లుతుంది.
ఆ నిద్రకో పేరుంది, పుస్తకాల్లో ఉంది.
పేరు పెట్టి పిలిస్తే ఆగే రకం కాదు.

జూన్ నాటికి గున్వాల్ద్
అద్దంలో ముసలాయన్ని చూపించి
"ఈయన ఏ రేవులో దిగాలి?" అన్నాడు.
ఓషిల్డ్ ముందు దగ్గింది, తర్వాత చెప్పింది:
"మనతోనే."
అప్పటికామె ప్రతి గదిలోకీ దగ్గుతూనే వచ్చేది.

సెప్టెంబరులో ఒక్కతే వచ్చింది, తడిసి.
ఎల్‌డ్రిద్ మైక్రోస్కోపు ముందు కుర్చీ ఎత్తు సర్దింది.
ఓషిల్డ్ చాలాసేపు చూసింది.
"వీటిలో ఆయనవి ఏవి?"

ఎల్‌డ్రిద్ వేలు ఎత్తింది,
ఎటు చూపాలో తెలియక దించింది.
చిరుగుతున్నవీ ఆయనవే.
చీలుస్తున్నవీ ఆయనవే.

అలవాటు కొద్దీ ఓషిల్డ్
గాజు మీదికి వంగి, మెల్లగా దగ్గింది.
అక్కడ ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

"ఇంకో పలక పెట్టనా?"
ఆమె గోడ గడియారం చూసింది.
ఐదున్నర ఫెర్రీకి ఇంకా టైముంది.
"పెట్టు," అంది.